పడవకు రోడ్డు గండం

సూర్యాపేట దగ్గర హైవే పక్కన టీ హోటల్. విజయవాడ బస్సులు, సిమెంటు లారీలు, గడ్డి ట్రాక్టర్లు... వాటి మధ్యలోకి ఓ కారు, దాని వెనక చిన్న ట్రైలర్, ట్రైలర్ మీద తెల్లటి పడవ వచ్చి ఆగాయనుకోండి. నిమిషంలో పదిమంది మూగడం ఖాయం. వాళ్ల చూపు మొదట పడేది పడవ మీద కాదు, పడవ నెత్తిన పడుకోబెట్టిన పొడవాటి అల్యూమినియం గొట్టం మీద. 'ఏందన్నా ఇది, కరెంటు స్తంభమా?' అని ఒకరైనా అడక్క మానరు.

కరెంటు స్తంభం కాదు, తెరచాప స్తంభం. నీళ్ల మీద నిటారుగా నిలబడి, గాలినంతా తెరచాపలోకి పట్టి, పడవను ముందుకు లాగేది అదే. ఈదురుగాలికి కూడా లొంగని ఆ స్తంభం తారురోడ్డు మీద మాత్రం చాలా సుకుమారం. తెరచాప పడవలకు నీటి గండం కన్నా రోడ్డు గండమే ఎక్కువని అనుభవజ్ఞులు ఊరికే అనరు. ఆ గండం గడిపేది ఏ విదేశీ యంత్రమో కాదు. రెండు చెక్కలు, నాలుగు బోల్టులు, ఓ పాత ట్యూబు ముక్క. వడ్రంగం కాస్త తెలిసినవారు ఒక పూటలో చేసుకోగల ఊతం!

సముద్రానికి రెండు దారులు

సముద్రం లేని ఊరికి తెరచాప పడవలేమిటని అనుమానం రావచ్చు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, పదహారో శతాబ్దంలో తవ్వించిన హుస్సేన్‌సాగర్ ఇప్పుడు ఈ క్రీడకు పెద్ద బడి. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్... అన్నీ ఆ ఒడ్డునే. వానాకాలం గాలి అందుకోగానే అక్కడ పోటీలు మొదలవుతాయి. దేశం నలుమూలల నుంచీ పిల్లలు, పెద్దలు వస్తారు.

వచ్చినవాళ్లు పోవాలి. ఇక్కడివాళ్లూ బయటి పోటీలకు వెళ్లాలి. మనుషులకైతే రైలుంది, విమానముంది. పడవకు రోడ్డే గతి. హైదరాబాద్ నుంచి సముద్రం వైపు వెళ్లే పెద్ద దారులు రెండు నార్కట్‌పల్లి దగ్గర చీలిపోతాయి. ఒకటి సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడకు, అక్కడి నుంచి కాకినాడ, విశాఖ తీరానికి. రెండోది నల్గొండ, మిర్యాలగూడ మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, అద్దంకి, ఒంగోలు పట్టుకుని మద్రాసుకు. అక్కడ 1911 నుంచీ రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది. అంటే హుస్సేన్‌సాగర్ పడవ సముద్రం చూడాలంటే ముందు సూర్యాపేట స్పీడు బ్రేకర్లో, మిర్యాలగూడ ధాన్యం లారీలో చూడాల్సిందే.

పడవ పొట్టి, స్తంభం పొడుగు

అన్ని పడవలకూ ఈ బాధ లేదు. చిన్నపిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవ పొడవు 2.3 మీటర్లే. దాని స్తంభం పడవలోనే ఇమిడిపోతుంది. మన దగ్గర బాగా కనిపించే లేజర్ పడవకు స్తంభం రెండు ముక్కలు. ఊడదీసి పక్కన పెట్టుకోవచ్చు. ఈ సౌకర్యం వల్లే అది ప్రపంచమంతా పాకింది.

చిక్కంతా ఒకే ముక్కగా ఉండే స్తంభాలతోనే. ఇద్దరు నడిపే 470 పడవనే తీసుకోండి. 1976 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న పడవ. పొడవు 4.7 మీటర్లు కాబట్టే దానికా పేరు. అంటే పదిహేనడుగుల పైచిలుకు. స్తంభం మాత్రం ఇరవై అడుగులు దాటుతుంది. పడవ మీద పడుకోబెడితే ముందో వెనకో అయిదారడుగులు బయటికి పొడుచుకొస్తుంది.

బరువు పెద్దగా ఉండదు. ఒక మనిషి భుజాన వేసుకుని నడవగలడు. అందుకే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పడవ మీద ఓ దుప్పటి పరిచి, స్తంభాన్ని దాని మీద పడేసి, తాడుతో నాలుగు చుట్లు చుట్టి బయల్దేరతారు. నాలుగు గంటల ప్రయాణం తర్వాత తాడు విప్పితే స్తంభానికి సొట్ట, పడవ అంచుకు గీత, ఓ పక్కన తెగిన ఉక్కు తీగ. పోటీకి ముందురోజు సాయంత్రం ఇలా కనిపిస్తే ఆ జట్టు పోటీ ఒడ్డునే అయిపోయినట్టు.

పదహారింతల వంపు

పొడవాటి వస్తువుకు శత్రువు బరువు కాదు, పొడవే. వెదురు బొంగును రెండు చివర్లా రెండు స్టూళ్ల మీద పెట్టి చూడండి, మధ్యలో కాస్త వంగుతుంది. అదే లావున్న బొంగును రెట్టింపు పొడవు తీసుకుంటే వంపు రెట్టింపు అవుతుందనుకుంటాం. కాదు, పదహారింతలవుతుంది! ఇది నిలకడగా ఉన్నప్పటి లెక్క. ట్రైలర్ గుంతలో పడి లేచిన ప్రతిసారీ అదే బొంగు మీద రెండు మూడింతల బరువు వేసి తీసినట్టవుతుంది. వందల కిలోమీటర్లు అలా ఊగితే ఏ లోహమైనా ఎక్కడో ఒకచోట అలిసిపోతుంది.

మరి ఊతాలు ఎక్కడ పెట్టాలి? చివర్లలో అనుకుంటే పొరపాటు. మధ్యభాగం వేలాడిపోతుంది. రెండూ మధ్యకు తెస్తే చివర్లు తోకల్లా ఊగుతాయి. ఈ రెంటికీ మధ్య ఓ మంచి చోటుంది. ఒక్కో చివర నుంచి మొత్తం పొడవులో నూటికి ఇరవై రెండు పాళ్లు లోపలికి జరిగిన చోటు. అంటే ఐదో వంతు కన్నా కాస్త ఎక్కువ. అక్కడ ఊతమిస్తే వంపు, చివర్లలో పెట్టినప్పటి కన్నా యాభయ్యో వంతుకు పడిపోతుంది. చెక్క మారలేదు, స్తంభం మారలేదు, చోటు మారిందంతే.

ఈ లెక్క కొత్తదేం కాదు. మీటరు అంటే ఇంత పొడవని ప్రపంచానికి చూపడానికి 1889లో ప్లాటినం, ఇరిడియం కలిపి చేసిన ఓ కడ్డీని పారిస్ దగ్గర భద్రపరిచారు. తన బరువుకు తనే వంగితే కొలత మారిపోతుంది కదా. అందుకే 1927లో మీటరును నిర్వచిస్తూ ఆ కడ్డీని 571 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండు రోలర్ల మీద పెట్టాలని కూడా రాశారు. కడ్డీ మొత్తం పొడవు 1,020 మిల్లీమీటర్లు. లెక్కేసి చూడండి, ఒక్కో వైపు మిగిలేది సరిగ్గా ఆ ఇరవై రెండు పాళ్లే! ప్రపంచ కొలతకు పనికొచ్చిన సూత్రం పడవ స్తంభానికి పనికిరాదా?

ఇరవై అడుగుల స్తంభమైతే ఒక్కో చివర నుంచి సుమారు నాలుగున్నర అడుగులు లోపలికి రావాలి. రెండు ఊతాల మధ్య పదకొండు అడుగులు. స్తంభం ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నగా ఉంటే ఊతాలను లావు వైపు కొంచెం జరపాలి. రెండు ఇటుకల మీద స్తంభాన్ని పెట్టి, అటూ ఇటూ జరిపి చూస్తే కంటికే తెలిసిపోతుంది. మూడో ఊతం పెట్టాలనిపిస్తే మూడూ ఒకే వరసలో ఉండాలి. మధ్యది అంగుళం ఎత్తయినా స్తంభాన్ని రోజంతా వంచి ఉంచినట్టే. మేలు చేయబోతే కీడవుతుంది.

ఒక పూట పని

ముందువైపు ఊతానికి చాలా ట్రైలర్లలో ఓ నిలువు కమ్మీ ఉంటుంది. పడవను లాగే చక్రం బిగించేది దానికే. ఆ కమ్మీ మీద ఓ గాడి చెక్క బిగిస్తే చాలు. అసలు పని వెనక ఊతంతోనే.

ముందు కలప. టేకే కానక్కర్లేదు. నాగళ్లకూ బండి చక్రాలకూ మన పెద్దలు వాడిన నల్లతుమ్మ ఉంది, వేప ఉంది. ఏదైనా బాగా ఆరినదై ఉండాలి. పచ్చి చెక్క ఎండకు మెలి తిరిగి బోల్టులను వదులు చేస్తుంది. నాలుగంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న నిలువు చెక్క ఒకటి, అడ్డంగా పాదానికి మరొకటి, ఏటవాలు బద్దలు రెండు తీసుకోవాలి. మిర్యాలగూడ లాంటి ఊళ్లో కోత మిల్లుకు వెళ్లి కొలత చెబితే కోసి ఇస్తారు.

తర్వాత ఎత్తు. పడవ మీద కప్పిన పట్టాకు, స్తంభానికి మధ్య జానెడు ఎడం ఉంటే చాలు. అంతకన్నా ఎత్తు పెంచితే ఊగడమూ పెరుగుతుంది. ఎత్తు కొలిచేటప్పుడు పడవ ట్రైలర్ మీద ఉండాలి, చక్రాల్లో గాలి సరిగా ఉండాలి. ఇంట్లో అంచనా వేసి కోసుకొచ్చిన చెక్క ఎప్పుడూ రెండంగుళాలు పొట్టే!

ఇక గాడి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నిలువు చెక్క కొసనే అరచందమామలా తొలిచి స్తంభాన్ని అందులో కూర్చోబెడతారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ కలప తన పోగుల వెంటే చీలుతుంది. స్తంభం పైనుంచి పదేపదే గుద్దుతుంటే గాడి అడుగు నుంచి కిందికి నిలువునా పగులుతుంది. అందుకే గాడిని మందపాటి ప్లైవుడ్‌లో కొయ్యాలి. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి ఒకే దారిన చీలదు. అలాంటి రెండు ముక్కలను నిలువు చెక్కకు చెరోవైపు పెట్టి, నీటికి తట్టుకునే జిగురు రాసి, అడ్డంగా రెండు బోల్టులు బిగిస్తే సరి. గాడి లోపల పాత ట్యూబు ముక్కో, తివాచీ ముక్కో అంటించాలి. లోహం చెక్కను రాయకుండా, చెక్క లోహాన్ని గీయకుండా ఇద్దరికీ మధ్యవర్తి అదే.

మేకులు పనికిరావు. ట్రైలర్ రోజంతా వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకుడికి మేకు తనంతట తానే పైకి వస్తుంది. బోల్టు వేసి, రెండు వైపులా వెడల్పాటి వాషర్ పెట్టి, నట్టు మీద ఇంకో నట్టు బిగించాలి. ట్రాక్టర్ ట్రాలీలు బిగించే షెడ్లలో ఏ కుర్రాణ్నడిగినా ఈ సంగతి చెబుతాడు.

పాదాన్ని ట్రైలర్ వెనక అడ్డ కమ్మీకి బిగించాలి తప్ప పడవకు కాదు. కొందరు చుక్కాని తగిలించే బందుల్లోనే ఊతాన్ని దూర్చేస్తారు. చెరువు గట్టు నుంచి ఇంటి దాకా అయితే ఫర్వాలేదు. కోదాడ దాకా అయితే ఆ కుదుపులన్నీ బందులే భరించాలి. నిలువు చెక్క ముందుకూ వెనక్కూ ఊగకుండా ఏటవాలు బద్దలు ఆపుతాయి. చివరగా రెండు పూతలు వార్నిష్.

స్తంభాన్ని గాడిలో పెట్టి పట్టీతో బిగించాలి. పడవను ట్రైలర్‌కు కట్టిన పట్టీ వేరు, ఇది వేరు. ఒకే తాడుతో రెండూ కట్టేస్తే, ఒకటి వదులైతే రెండోదీ పోతుంది.

ఈ ఊతం మనకు వింతేమీ కాదు. ఎడ్లను విప్పాక బండి కాడి నేలకు తగలకుండా ముందో కర్రను ఊతంగా నిలబెట్టడం ఊళ్లలో పుట్టినవారందరికీ తెలుసు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు బండ్లు కట్టుకు వెళ్లిన కుటుంబాల్లో ఆ కర్ర లేకుండా బండి కదిలేది కాదు. పడవ కొత్తది కావచ్చు, పాఠం పాతదే.

వెనక వచ్చే మనిషి

స్తంభం భద్రంగా ఉంటే చాలదు, వెనక వచ్చే మనిషీ భద్రంగా ఉండాలి. లారీ వెనక నుంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు రాత్రిపూట ఎందరి ప్రాణాలు తీశాయో ఈ హైవే పక్క ఊళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకప్పుడు వాహనం వెనక మీటరు దాకా సరుకు బయటికి ఉండొచ్చని నిబంధన ఉండేది. 2014లో కేంద్ర ప్రభుత్వం ఆ వెసులుబాటు తీసేసింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, సరుకు వాహనం దాటి పక్కలకో ముందుకో వెనక్కో పొడుచుకొస్తే జరిమానా ఇరవై వేల రూపాయలు. ఎర్రగుడ్డ కట్టాం కదా అంటే కుదరదు.

కాబట్టి స్తంభాన్ని వెనక్కి వదలకుండా ముందుకు జరపాలి. పడవ ముక్కుకూ కారుకూ మధ్య ట్రైలర్ దూలం మీద ఖాళీ జాగా ఉంటుంది. ఆ జాగా స్తంభానిదే. అయితే మరీ ముందుకు జరిపితే మలుపులో అది కారు అద్దాన్ని పలకరిస్తుంది. కొత్తగా ట్రైలర్ చేయించుకునేవారు గుర్తుంచుకోవాల్సిన మాట ఒక్కటే. పడవ పొడవు చూసి కాదు, స్తంభం పొడవు చూసి చేయించుకోవాలి. రెండడుగుల దూలం ఎక్కువ వేయిస్తే అయ్యే ఖర్చు, ఆ జరిమానా ముందు ఏపాటి? ఒక ప్రాణం ముందు అసలు ఏపాటి? వెనక రేడియం స్టిక్కర్లు, పనిచేసే లైట్లు ఎలాగూ ఉండాల్సిందే.

నెత్తిన తీగలు

ఇక అన్నింటికన్నా పెద్ద గండం పైన వేలాడుతుంటుంది. మూసీ ప్రాజెక్టు, సాగర్ ఎడమ కాలువ కింద ఈ ప్రాంతమంతా మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, పొలాల మీదుగా సాగే తీగలే. గడ్డి ట్రాక్టరు తీగలకు తగిలి మంటలు లేచిన వార్త ఇక్కడి పాఠకులకు కొత్త కాదు. ఎండుగడ్డికే అంత జరిగితే అల్యూమినియం స్తంభం మాటేమిటి?

అంకెలు చూడండి. పదకొండు వేల వోల్టుల తీగ రోడ్డును దాటేచోట కనీసం 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలని విద్యుత్ నిబంధనలు చెబుతాయి. అంటే ఇరవై అడుగులు. ఇళ్లకు కరెంటిచ్చే తీగకు 5.8 మీటర్లు. రోడ్డు కాని చోట, పొలాల్లో, చెరువు గట్ల మీద పదకొండు వేల వోల్టుల బోడి తీగకు కూడా 4.6 మీటర్లు చాలు. అంటే పదిహేనడుగులే. ట్రైలర్ మీద ఉన్న పడవలో స్తంభం నిలబెడితే దాని కొన ఇరవై రెండడుగులు దాటిపోతుంది. ఎండాకాలంలో తీగలు ఇంకా కిందికి జారతాయి. పెద్ద వోల్టేజీ తీగకు తగలనక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్తే చాలు, కరెంటు దూకుతుంది.

అందుకే నియమం ఒక్కటే. స్తంభం లేపే ముందు తల పైకెత్తి చూడాలి. నీళ్లలోంచి పడవను తీశాక, ట్రైలర్ కదలక ముందే స్తంభం పడుకోవాలి. 'వంద గజాలే కదా, అలాగే లాగేద్దాం' అన్న మాటే అన్నింటికన్నా ప్రమాదకరం. ఆ వంద గజాల్లోనే తీగ ఉంటుంది. దించడం ఇబ్బందిగా ఉంటేనే బద్ధకం పుడుతుంది. చేతికందే ఎత్తులో, చెక్కుచెదరని ఊతం సిద్ధంగా ఉంటే దించడానికి ఎవరూ వెనకాడరు. ఆ రెండు చెక్కలూ స్తంభాన్నే కాదు, దాన్ని పట్టుకున్న చేతులనూ కాపాడతాయన్నమాట.

మొదటి టీ దగ్గరే

ఊతం చేయగానే దూరప్రయాణం పెట్టుకోకూడదు. చేత్తో పట్టుకుని గట్టిగా ఊపి చూడాలి. ట్రైలర్ కదిలితే మంచిదే, ఊతం ఒక్కటే కదిలితే ఇంకో బద్ద కావాలన్నట్టు. తర్వాత ఊరి చుట్టూ అయిదారు కిలోమీటర్లు తిప్పి, ప్రతి నట్టునూ మళ్లీ బిగించాలి. కొత్త చెక్క మొదటి కుదుపులకు కాస్త అణుగుతుంది, దాంతో బోల్టు వదులవుతుంది.

హైదరాబాద్‌లో తెల్లవారుజామున బయల్దేరితే ఎలాగూ దారిలో టీకి ఆగుతారు. సూర్యాపేటలోనో, కోదాడలోనో, అటు వెళ్తే మిర్యాలగూడలోనో. టీ చేతికొచ్చే లోపు పట్టీ మీద ఓ చెయ్యి వేసి చూడాలి. గాడిలో ట్యూబు ముక్క ఉందా, నట్లు బిగువుగా ఉన్నాయా, వెనక లైటు వెలుగుతోందా. రెండు నిమిషాల పని.

ఆలోగా చుట్టూ జనం మూగనే మూగుతారు. వాళ్లలో ఓ ట్రాక్టరు డ్రైవరో, వడ్రంగో ఉంటే పడవను వదిలేసి ఊతం దగ్గరికే వస్తాడు. గాడిని తడిమి, బోల్టు తట్టి, 'ఇంకో బద్ద ఏస్తే గట్టిగుంటదన్నా' అంటాడు. విని తీరాలి. సముద్రం సంగతి అతనికి తెలియకపోవచ్చు. ఈ రోడ్డు సంగతి మాత్రం అతనికి తెలిసినంతగా ఏ నావికుడికీ తెలియదు.